ఎనిడ్ ఇంట్లో చలికాలం

క్లిఫర్డ్ హోల్రాయిడ్ గ్యాస్ బోర్డులో చేరినప్పుడు అతనికి పదహారేళ్లు. ఆ రోజుల్లో యార్క్‌షైర్ లోయ ఊళ్లన్నిటా బొగ్గు నుంచి తీసే గ్యాసు పోయి, సముద్రం అడుగు నుంచి తోడే గ్యాసు వస్తోంది. ఇంటింటికీ వెళ్లి పొయ్యిలు విప్పి బర్నర్లు మార్చాలి. ముసలమ్మలు తలుపు సగమే తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడేవాళ్లు. కొత్త గ్యాసు వస్తే పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారని వాళ్ల భయం. క్లిఫ్ వాళ్లతో వాదించేవాడు కాదు. బర్నరు మార్చి, వాళ్ల కళ్లముందే ఒక గుడ్డు వేయించి, అక్కడే నిలబడి తినేవాడు. "చూశారుగా, ఇంకా బతికే ఉన్నాను" అనేవాడు. రోజుకి తొమ్మిది గుడ్లు తిన్న సందర్భాలున్నాయని తర్వాత క్లబ్బులో చెప్పుకునేవాడు.

ఆ తర్వాత యాభై ఏళ్లపాటు అతను ఇళ్ల గోడలకి, గ్యాసుతో నీళ్లు కాచి ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్లు బిగించాడు. అతని వీధి పేరు ప్రావిడెన్స్ టెర్రస్. లోయ అంచున, ఒకదాన్నొకటి ఆనుకుని పద్దెనిమిది రాతి ఇళ్లు. ఆ పద్దెనిమిదింటిలో పదమూడు బాయిలర్లు అతని చేతి మీదుగా ఎక్కినవే. ఏది ఎప్పుడు మూలుగుతుందో, దేనికి ఏ భాగం అరిగిందో అతనికి నోటికి వచ్చు. బాయిలర్ ఆగిపోతే వీధిలో ఎవరూ కంపెనీకి ఫోన్ చేసేవాళ్లు కాదు. ఏడో నంబరులో ఉండే క్లిఫ్ తలుపు కొట్టేవాళ్లు. అరవై ఆరేళ్లు వచ్చినా క్లిఫ్ ప్రతి ఏడూ గ్యాసు పని లైసెన్సు పొడిగించుకునేవాడు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లల్లేరు. వీధి అడగడం, తను చెప్పడం, అదే అతని బతుకు.

పదకొండో నంబరులో అతని అక్క ఎనిడ్ ఉండేది. అతనికంటే ఏడేళ్లు పెద్దది. తల్లి పోయేనాటికి క్లిఫ్‌కి పదకొండేళ్లు, ఎనిడ్‌కి పద్దెనిమిది. తివాచీల మిల్లు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ అతన్ని పెంచింది. పెళ్లి చేసుకోలేదు. చిన్నప్పటి నుంచీ ఆమె ఊపిరితిత్తులు అంత గట్టివి కావు. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆమె ముందుగదిలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేరి, ఆస్పత్రిలో పుట్టే పసిపిల్లలకి ముక్కల దుప్పట్లు కుట్టేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం తమ్ముడికి భోజనం పెట్టేది. ఆమెకి వారంలో ఆ రెండు రోజులే పండగ.

కౌన్సిల్ నుంచి ఉత్తరాలు వచ్చింది ఒక వేసవిలో. గ్యాసు బాయిలర్లు తీసేసి, వాటి స్థానంలో బయటి గాలిలో ఉన్న వేడిని లాగి ఇంట్లోకి పంపే హీట్ పంపులు పెడతారట. కప్పుల మీద సోలార్ పలకలు వేస్తారట. వీధిలో పది ఇళ్లు ఒప్పుకుంటే మొత్తం వీధికీ ఉచితం. ఒప్పుకోవడానికి గడువు మార్చి నెలాఖరు. ఈలోగా ఒక ఇంట్లో పెట్టి చూపిస్తాం, చలికాలమంతా చూసి చెప్పండి అన్నారు. వీధివాళ్లు ప్రార్థనకి చేరే చాపెల్ హాల్లో మీటింగు పెట్టి ఆ మాట చెప్పగానే ఎనిడ్ చెయ్యెత్తింది.

బయటికి రాగానే క్లిఫ్ అడిగాడు. "నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటావని అడగలేదురా."

"చలిగాలిలోంచి వేడి తీస్తారట. చెప్పేవాడికి సిగ్గుండాలి."

"మన వంటగదిలో ఫ్రిజ్ చేసేది అదే పనట కదా, తిరగేసి. ఆ కౌన్సిల్ అబ్బాయి చెప్పాడు."

"ఆ అబ్బాయికి గడ్డం కూడా సరిగ్గా రాలేదు."

"నువ్వు గుడ్లు తిన్న రోజుల్లో నీకు మీసం కూడా లేదు" అంది ఎనిడ్.

అక్టోబరులో పనివాళ్లు వచ్చారు. పద్నాలుగేళ్ల కిందట క్లిఫ్ బిగించిన బాయిలర్‌ని గోడ నుంచి ఊడదీసి వ్యానులో పడేశారు. క్లిఫ్ వెనక పెరట్లో నిలబడి చూశాడు. ఇంకో పదేళ్లు పనిచేసేది. బట్టల తాడు కట్టే చోట పెద్ద ఫ్యానున్న పెట్టె ఒకటి దించారు. దక్షిణం వైపు కప్పు మీద పన్నెండు నల్లటి పలకలు వేశారు. వెళ్లేముందు పెద్ద పనివాడు ఎనిడ్ చేతికి లావుపాటి పుస్తకం ఒకటిచ్చి, "దీన్ని ముట్టుకోకండి, దాని పని అది చేసుకుంటుంది" అన్నాడు.

ఆ సాయంత్రం టీ వేళకి క్లిఫ్ వచ్చాడు. కోటు విప్పకుండా ముందుగదిలోకి వెళ్లి, గోడ పక్కన వేడినీళ్లు తిరిగే రేడియేటర్ మీద చెయ్యి తిరగేసి పెట్టాడు. యాభై ఏళ్లుగా అతను వేడి చూసే పద్ధతి అదే. చెయ్యి అక్కడ నిలవలేక వెనక్కి వచ్చేస్తే బాయిలర్ బాగున్నట్టు. ఇప్పుడు చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"గోరువెచ్చగా ఉంది."

"గది వెచ్చగానే ఉంది కదరా."

"గది మాట కాదు, ఇది చూడు. పసిపిల్లాడికి స్నానం చేయించొచ్చు ఈ నీళ్లతో. ఎప్పట్నుంచి తిరుగుతోంది?"

"పొద్దుట్నుంచీ. రాత్రి కూడా ఆగదట."

"రాత్రి కూడానా?"

ఎనిడ్ మొహంలోనూ తప్పు చేస్తున్న భావం కనబడింది. ఆ వీధిలో ఎవరూ రాత్రంతా ఇల్లు వెచ్చబెట్టుకుని ఎరగరు. పొద్దున లేచేసరికి ఒక గంట, సాయంత్రం ఇల్లు చేరేసరికి కాసేపు, మిగతా సమయమంతా ఉన్ని చొక్కా. వాడని గదుల్లో రేడియేటర్లు కట్టేయాలి. వాళ్ల తల్లులు అలా పెంచారు. మనిషి లేని గది వెచ్చగా ఉండటం వాళ్ల లెక్కలో బరితెగింపు.

"ఆపెయ్‌రా అయితే" అంది ఎనిడ్.

గోడకున్న చిన్న తెర మీద క్లిఫ్ పది నిమిషాల్లో పట్టు దొరకబుచ్చుకున్నాడు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది మాత్రమే నడిచేలా టైమరు పెట్టాడు. ఆ ఆరు గంటలూ గట్టిగా మండాలని నీళ్ల వేడి పైకి పెంచాడు. పైనున్న ఖాళీ గదిలోనూ నడవలోనూ రేడియేటర్లు బిగించి కట్టేశాడు. "ఇప్పుడు దారికొస్తుంది" అన్నాడు.

దారికి రాలేదు. నవంబరు వచ్చేసరికి రాతి గోడలు రాత్రంతా చల్లబడి, పొద్దున రెండు గంటల్లో వేడెక్కేవి కావు. పెరట్లో పెట్టె గొంతు చించుకున్నట్టు మోగి, వేడి చాలక లోపలున్న కరెంటు హీటరు వెలిగించుకుని, ఎనిమిదింటికి ఆగిపోయేది. కరెంటు బిల్లు చూసి ఎనిడ్ కుర్చీలో కూర్చుండిపోయింది. డిసెంబరులో గురువారం ఆడవాళ్లు కోట్లు వేసుకుని కుట్టారు. జనవరి మొదటి వారం నలుగురే వచ్చారు. వేళ్లు వంగక సూదిలో దారం ఎక్కించలేక, ఇక చలి తగ్గాక చూద్దాం అనుకున్నారు. ఎనిడ్ ముందుగది తలుపు మూసేసి, కుర్చీ వంటగదిలోకి లాక్కుంది.

క్లిఫ్ రెండు రోజులకోసారి వచ్చి నీళ్ల వేడి ఇంకొంచెం పెంచేవాడు. ఒకసారి చిన్న ఫ్యాన్ హీటరు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"పనివాళ్లకి ఫోన్ చేద్దామా?" అంది ఎనిడ్.

"వాళ్లొచ్చి ఏం చేస్తారు? యంత్రమే అంత."

క్లబ్బులో రాయ్ ఇంగమ్ అనే మూడో నంబరు మనిషి బీరు గ్లాసు దించి అడిగేవాడు. "ఏం క్లిఫ్, మీ అక్క ఇంట్లో చేపలు నెల్లాళ్లు పాడవకుండా ఉంటున్నాయటగా? మాక్కూడా రెండు పెట్టుకోవడానికి చోటిమ్మను."

అందరూ నవ్వేవాళ్లు. క్లిఫ్ నవ్వేవాడు కాదు. "చూస్తున్నారుగా" అనేవాడు. అతను మాటలు పొదుపుగా వాడే మనిషి. అందుకే ఆ ఒక్క మాట వీధి చివరిదాకా వెళ్లేది.

ఫిబ్రవరి మొదట్లో ఎనిడ్‌కి దగ్గు పట్టుకుంది. నాలుగో రోజున ఊపిరి అందక పెదాలు నీలంగా మారితే ఆంబులెన్సులో తీసుకెళ్లారు. న్యుమోనియా అన్నారు.

సోమవారం మధ్యాహ్నం క్లిఫ్ ఆమె కళ్లద్దాలూ రాత్రి గౌనూ తేవడానికి పదకొండో నంబరుకి వెళ్లాడు. పది రోజులుగా లేని ఎండ ఆ రోజే వచ్చింది. ఇల్లు బావిలా చల్లగా ఉంది. మెట్ల కింద మీటరు దగ్గర ఆగాడు. కప్పు మీది పలకలు కరెంటు తయారు చేస్తున్నాయి. ఆ కరెంటంతా బయట తీగల్లోకి పోతోంది. పెరట్లో యంత్రం మాత్రం నిద్రపోతోంది. అయిదింటికి గానీ లేవదు. అప్పటికి ఎండ ఉండదు.

పనివాడైన అతని కంటికి అది గుచ్చుకుంది. ఉచితంగా వచ్చే కరెంటు బయటికి పంపేసి, చీకటి పడ్డాక కొనుక్కుని వాడే ఏర్పాటు ఎవడు చేస్తాడు? చేసింది తనే.

వంటగదిలో కూర్చుని లావుపాటి పుస్తకం తెరిచాడు. కోటుతోనే రెండు గంటలు చదివాడు. ముప్ఫై ఒకటో పేజీలో నల్లటి పెద్ద అక్షరాలతో ఉంది. గ్యాసు బాయిలర్‌లా గంటలు పెట్టి నడపరాదు. తక్కువ వేడితో ఎడతెగకుండా తిరగనివ్వాలి. రేడియేటర్లు కట్టేయరాదు. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండటమే సరైన గుర్తు.

లేచి గోడకున్న తెర దగ్గరికి వెళ్లాడు. టైమరు తీసేయాలి, నీళ్ల వేడి తగ్గించాలి, పైన రెండు రేడియేటర్లు తిప్పాలి. అయిదు నిమిషాల పని. బొటనవేలు బటన్ మీద పెట్టాడు.

హీట్ పంపులకి ఒప్పుకోవాలా వద్దా అని చాపెల్ హాల్లో వీధి మీటింగు బుధవారం. ఇప్పుడు మారిస్తే బుధవారానికి ఇల్లు వెచ్చబడుతుంది. మీటింగుకి వెళ్లేవాళ్లు ఎవరైనా దారిలో తలుపు తోసి చూడొచ్చు. రాయ్ ఇంగమ్ తప్పకుండా చూస్తాడు. అయితే ఇన్నాళ్లూ ఏమైందని అడుగుతాడు.

క్లిఫ్ బొటనవేలు తీసేశాడు. మీటింగయ్యాక చూద్దాం, ఎనిడ్ ఎలాగూ ఇంట్లో లేదు, అనుకున్నాడు. పుస్తకం ఎక్కడిది అక్కడ పెట్టి, గౌనూ కళ్లద్దాలూ తీసుకుని ఆస్పత్రికి వెళ్లాడు. ఆమె ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని ఉంది. "ఇల్లు ఎలా ఉంది?" అని సైగ చేసింది. "బాగానే ఉంది" అన్నాడు.

బుధవారం సాయంత్రం హాలు నిండింది. కౌన్సిల్ మనిషి తెర మీద గీతలు చూపించి, ఇతర ఊళ్ల ఇళ్ల గురించి చెప్పుకుంటూ పోయాడు. పద్నాలుగో నంబరు గ్లెనిస్ లేచింది. ఆమె భర్తకి పక్షవాతం. రోజంతా కుర్చీలోనే ఉంటాడు.

"బాబూ, నీ గీతలు నాకు అర్థం కావు. మా ఆయన ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉంటాడు. ఇది పెట్టించుకుంటే ఆయనకి వెచ్చగా ఉంటుందా ఉండదా? అది చెప్పు చాలు."

"ఉంటుందండీ, ఖచ్చితంగా..."

"నువ్వు కాదు. క్లిఫ్‌ని చెప్పమను."

అందరూ వెనక వరుసకి తిరిగారు. క్లిఫ్ లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం అతనికి ముప్ఫై ఒకటో పేజీ మొత్తం కళ్లముందు కనబడింది.

"మా అక్క ఆస్పత్రిలో ఉంది" అన్నాడు. కూర్చున్నాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు.

ఎనిడ్ పదకొండు రోజుల తర్వాత ఇల్లు చేరింది. ఆమె వచ్చేలోపు క్లిఫ్ రెండు ఫ్యాన్ హీటర్లు పెట్టి వంటగది వెచ్చబెట్టాడు. టైమరు జోలికి పోలేదు. గడువు ఇంకా ఉంది, సంతకాలకి ఇంకా నెలరోజులుంది. ఇల్లు ఇప్పుడు వెచ్చబడితే వీధిలో అదొక మాట అవుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఎండలు మొదలయ్యాయి, ఇక దానితో పనే లేకపోయింది. వీధికి రావలసిన పథకం లోయ అవతలి ఒడ్డున ఉన్న వీధికి వెళ్లిపోయింది. ఎనిడ్ మాత్రం మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఒకసారి కూర్చోవడం అలవాటు చేసుకుంది.

మే నెలలో యంత్రాన్ని చూడటానికి నసీమ్ మీర్ అనే నలభై ఏళ్ల మెకానిక్ వచ్చింది. ఆ రోజు ఆదివారం కాకపోయినా క్లిఫ్ అక్కడే ఉన్నాడు. నసీమ్ పెరట్లో పెట్టె చూసి, లోపలికొచ్చి, గోడకున్న తెర మీద రెండుసార్లు నొక్కి ఆగిపోయింది.

"ఎనిడ్ గారూ, చలికాలమంతా ఇలాగే నడిపారా?"

"అవునమ్మా."

"ఇంట్లో చలి వేసి ఉండాలే."

"వేసింది" అంది ఎనిడ్.

"ఈ టైమరు ఎవరు పెట్టారు?"

క్లిఫ్ తలుపు చట్రానికి ఆనుకుని ఉన్నాడు. నసీమ్ అతని వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నట్టుంది.

"నేనే తల్లీ" అంది ఎనిడ్. "ముసలిదాన్ని కదా. ఏవో నొక్కాను."

"మీ తప్పేం లేదండీ. నేను తొమ్మిదేళ్లు గ్యాసు పని చేసి ఇటొచ్చాను. నేను పెట్టిన మొదటి పంపుకి నేనూ ఇలాగే గంటలు పెట్టాను. మా మేస్త్రి చూసి నన్ను వీధంతా వినబడేలా తిట్టాడు." నవ్వింది. "గ్యాసు పని చేసినవాళ్లం అందరం ఒకసారి చేసే తప్పే ఇది. ఒప్పుకుంటే అయిపోతుంది."

చివరి మాట ఎటు విసిరిందో క్లిఫ్‌కి తెలుసు. అందుకోలేదు. నసీమ్ పది నిమిషాల్లో అన్నీ సరిచేసింది. పైకెళ్లి రేడియేటర్లు తిప్పింది. టీ తాగి వెళ్లిపోయింది.

ఎనిడ్ ఆమె కప్పు కడిగింది. తుడిచింది.

"నీ కోసం అబద్ధమాడాను అనుకోకు. బయటి మనిషి ముందు మనింటి గొడవ ఎందుకని."

"అక్కా, నాకు ఆ యంత్రం సంగతి..."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

క్లిఫ్ తుడిచిన కప్పు తీసి అల్మరాలో పెట్టాడు.

"ఆమె చెబుతుంటే నువ్వు వాదించలేదు. నీ పనిలో తప్పుందని ఎవరైనా అంటే నువ్వు ఊరుకోవడం నా జన్మలో చూడలేదు. అంటే నీకు ముందే తెలుసు. ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. పుస్తకం చదివాను."

"మీటింగుకి ముందా, తర్వాతా?"

అతను కిటికీలోంచి పెరట్లోని పెట్టె వైపు చూశాడు. "ముందు."

"అయితే నేను అక్కడ గొట్టం పెట్టుకుని ఉన్నప్పుడు."

"అవును."

"ఆ తర్వాత నేను ఇంటికొచ్చినప్పుడు కూడా."

"అవును అక్కా."

ఎనిడ్ తువ్వాలు నాలుగు మడతలు వేసి, పొయ్యి మీది కడ్డీకి తగిలించింది. అంచులు సరిచేసింది.

"ఆదివారం నాకు వంట కుదరదు" అంది.

"ఈ ఆదివారమా?"

"ఆదివారాలు."

మళ్లీ చలికాలం వచ్చింది. గురువారం ఆడవాళ్లు పదకొండో నంబరు ముందుగదిలో కోట్లు విప్పి కుట్టుకుంటున్నారని క్లిఫ్ కిటికీలోంచి చూసి తెలుసుకున్నాడు. ఎనిడ్ వీధిలో ఎదురైతే ఆగేది. ఆరోగ్యం అడిగేది. లోపలికి రమ్మనేది కాదు. వీధిలో ఇంకెవరూ అతన్ని ఏమీ అనలేదు. రాయ్ ఇంగమ్ చేపల జోకు మానేశాడు. దానికి బదులు వేరే జోకు కూడా వెయ్యలేదు.

డిసెంబరు మూడో వారంలో, నేల గడ్డకట్టిన ఉదయాన, గ్లెనిస్ తలుపు కొట్టింది. బాయిలర్ ఆగిపోయింది. క్లిఫ్ సంచీ పట్టుకుని వెళ్లాడు. ఆమె భర్త రెండు దుప్పట్లు కప్పుకుని కుర్చీలో ఉన్నాడు. వాళ్ల కిటికీలోంచి లోయ అవతలి ఒడ్డు కనబడుతుంది. ఆ వీధి కప్పుల మీది పలకలన్నీ ఎండకి నల్లగా మెరుస్తున్నాయి.

బాయిలర్ మూత విప్పి క్లిఫ్ లోపలికి చూశాడు. దానికి కావలసిన భాగం తయారుచేయడం మానేసి నాలుగేళ్లయింది. పాతవి విప్పి దాచుకున్న ముక్కల్లోంచి ఒకటి తెచ్చాడు. అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేడు. మోకాళ్ల మీద కూర్చుని బిగిస్తూ, తల తిప్పకుండానే మొదలుపెట్టాడు.

"గ్లెనిస్, నీకొక మాట చెప్పాలి. మీటింగు రోజున నువ్వు నన్ను అడిగావు చూడు. అప్పటికి నాకు..."

"తెలుసు" అంది గ్లెనిస్.

అతని చేతిలో స్పానరు ఆగింది.

"అక్టోబరు నుంచి ప్రతి గురువారం ఎనిడ్ ముందుగదిలో కూర్చుంటున్నాను. వెచ్చగా ఉందేమిటని మేమడిగితే, ఎనిడ్ అబద్ధం చెప్పలేదు. అంతా విప్పి చెప్పమని మేం బలవంతమూ పెట్టలేదు. అందరికీ తెలుసు."

"మరి ఎవరూ నన్ను..."

"నిన్ను తిట్టి ఏం చేసుకోను? కంపెనీవాడికి ఫోన్ చేశాను పొద్దున. పండగలయ్యాక వస్తాట్ట, జనవరి తొమ్మిదిన. ఈ మనిషి అప్పటిదాకా ఉంటాడా?" ఆమె భర్త మీది దుప్పటి మెడదాకా లాగింది. "నాకు చెబితే నీకు తేలికగా ఉంటుందేమో. నాకేం ఉండదు. ముందు అది వెలిగించు."

క్లిఫ్ టార్చి నోట కరుచుకుని మళ్లీ వంగాడు. మొదటిసారి అంటుకోలేదు. రెండోసారీ అంటుకోలేదు. వెనక గ్లెనిస్ టీ కావాలా అని అడగలేదు.